ఆటలో అరటిపండు అనుకున్న పిల్లవాణ్ణి నమ్మకమైన రిసీవర్‌గా తయారుచేయడం ఎలా

జట్లు పంచుకునేటప్పుడు అందరూ అయిపోయాక ఒక పిల్లవాడు మిగిలిపోతాడు. ఒంగోలులో అయినా, కావలిలో అయినా, కందుకూరు పక్క ఊళ్లో హైస్కూలు గ్రౌండులో అయినా అలాంటివాడు ఒకడు ఉంటాడు. అతన్ని ఆటలో అరటిపండు కింద లెక్కేసి ఓ మూల నిలబెడతారు, బంతి అటు పోదు, పోకపోతే చేతులకు అలవాటు కాదు, అలవాటు కాలేదు కాబట్టి మళ్లీ బంతి వేయరు. మీరు పీఈటీ సారైనా, సాయంత్రం వీధి పిల్లల్ని పోగేసి ఆడించే అన్న అయినా, ఇది ఆ పిల్లవాడి కోసం రాస్తున్నాను.

నేను చెప్పేది ఫ్లాగ్ ఫుట్‌బాల్ గురించి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒకరి మీద ఒకరు పడటం తీసేస్తే మిగిలే ఆట ఇది. జట్టుకు ఐదుగురు, నడుముకు రెండు పక్కలా పట్టీలు, బంతి పట్టుకున్నవాడి పట్టీ లాగేస్తే అక్కడికి ఆగిపోతుంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఉంది, కాబట్టి అమ్మాయిలకు కూడా మొదటి నుంచే నేర్పండి. పట్టీలు కొనక్కర్లేదు, పాత చీర పేలికలు నడుం దగ్గర దోపినా సరిపోతుంది. క్వార్టర్‌బ్యాక్ విసురుతాడు, రిసీవర్ పడతాడు.

ముందు మీకు ఓపిక ఉండాలి, ఎంత ఉండాలో తెలియాలంటే అమెరికన్ ఫుట్‌బాల్ రిసీవర్ జూలియన్ ఎడెల్‌మన్ లెక్కలు చూడండి. కాలేజీలో ఆయన అసలు రిసీవర్ కాదు, క్వార్టర్‌బ్యాక్. 2009 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, చివరిదైన ఏడో రౌండులో, 232వ పేరుగా న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ తీసుకుంది. మొదటి ఏడాది 37 క్యాచ్‌లు, తర్వాత 7, ఆ తర్వాత 4. నాలుగే! ఆ ఏడాది మనుషులు తక్కువై డిఫెన్స్‌లో కూడా ఆడించారు. అవతలి జట్టు తన్నిన బంతిని పట్టుకుని వాళ్ల వైపుకే పరిగెత్తే పని కూడా చేశాడు. 2013లో ఒక్కసారిగా 105 క్యాచ్‌లు. 2019 ఫిబ్రవరిలో ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో 10 క్యాచ్‌లు, వాటితో జట్టును ముందుకు తీసుకెళ్లింది 141 గజాలు, మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడు ఆయనే. నాకు ఇందులో నచ్చేది ఆ 105 కాదు, 4 క్యాచ్‌ల ఏడాదిలో కూడా ఆయన్ని ఏదో ఒక పనిమీద గ్రౌండులోనే ఉంచడం. మీ పిల్లవాడికి ఇంకా పట్టడం రాకపోతే పట్టీలు లాగే పని ఇవ్వండి, బంతి అందించే పని ఇవ్వండి, బెంచీ మీద మాత్రం కూర్చోబెట్టొద్దు.

ఇక చేతులు. ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. బంతి ఛాతీకి పైన వస్తే రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు దగ్గరకు చేర్చాలి, మధ్యలో ముక్కోణం ఖాళీ ఏర్పడుతుంది, బంతి మొన (ఈ బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలా మొనదేలి ఉంటుంది) అందులోకి రావాలి. నడుం కిందకి వస్తే చిటికెనవేళ్లు కలిపి అరచేతులు పైకి తిప్పాలి. మోచేతులు కాస్త వంచి, చేతులు ఒంటికి దూరంగా, బంతికి ఎదురు పోవాలి. కొత్తవాళ్లందరూ బంతిని ఛాతీకి కొట్టించుకుని హత్తుకోవాలని చూస్తారు, అది తగిలి ఎగిరిపోతుంది. తేడా వినబడుతుంది కూడా: ఒంటికి తగిలితే దబ్బుమంటుంది, వేళ్లతో పడితే చప్పుడే రాదు. మీరు అటు తిరిగి నిలబడి విన్నా ఎలా పట్టాడో చెప్పేయొచ్చు.

రెండో సంగతి భయం. బంతి మొహం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంటారు, తల పక్కకు తిప్పేస్తారు. దీనికి తిట్లు పనిచేయవు. టెన్నిస్ బాల్ తీసుకోండి, దాని మీద మార్కరుతో 1 నుంచి 6 దాకా అంకెలు అక్కడక్కడా రాయండి, నాలుగడుగుల దూరం నుంచి మెల్లగా వేస్తూ, పట్టేటప్పుడు కనబడిన అంకెను పైకి చెప్పమనండి. పట్టాడా లేదా అని అడగొద్దు, అంకె ఎంత అని మాత్రమే అడగండి. అంకె వెతికే పనిలో పడ్డ పిల్లవాడికి భయపడే తీరిక ఉండదు. మెల్లగా దూరం పెంచండి, ఆ తర్వాత అసలు బంతికి రండి. అసలు బంతి దొరక్కపోతే రగ్బీ బంతితో మొదలుపెట్టండి, కాస్త లావు ఎక్కువ, అంతే.

రోజుకు ఎన్ని పట్టాలి? డెట్రాయిట్ లయన్స్ రిసీవర్ ఆమన్-రా సెయింట్ బ్రౌన్ ప్రాక్టీస్ అయ్యాక బంతులు విసిరే మెషీన్ ముందు నిలబడి 202 బంతులు పడతాడు. 2021 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో 112వ పేరు ఆయనది, తనకంటే ముందు తీసుకున్న 16 మంది రిసీవర్ల పేర్లూ గుర్తుపెట్టుకున్నాడు. మన పిల్లలకు 50తో మొదలుపెడితే చాలు. ఎదురుగా కొన్ని, ఎడమకు, కుడికి, నేల దగ్గరికి, భుజం మీదుగా వెనక నుంచి. మెషీన్ ఎందుకు, ఇంకో పిల్లవాడో ఇంటి గోడో చాలు.

కాళ్ల విషయంలో మనవాళ్లకు దిగులు లేదు. సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ ఆడిన పిల్లవాడికి ఒక కాలు నాటి ఇంకోవైపు తిరగడం కొత్తగా నేర్పక్కర్లేదు. రూటు అంటే బంతి అందుకోవడానికి రిసీవర్ పరిగెత్తే దారి. స్లాంట్ అనే రూటు నేర్పండి ముందు: నేరుగా మూడు అడుగులు, బయటి కాలు గట్టిగా నాటి, ఏటవాలుగా లోపలికి. తిరిగే ముందు నడుం కిందకి దించాలి, నిటారుగా ఉండి తిరిగితే జారిపోతాడు, పైగా ఎటు తిరుగుతున్నాడో డిఫెండర్‌కి ముందే తెలిసిపోతుంది. అది కుదిరాక బయటికి తిరిగే అవుట్, వెళ్లి వెనక్కి తిరిగే కర్ల్. మొదటి సీజన్‌కి ఈ మూడూ చాలు, నిజంగా.

కొత్తపట్నం బీచ్‌లోనో మైపాడులోనో ఇసుకలో పరిగెత్తిస్తే పిక్కలు గట్టిపడతాయి, కానీ రూట్లు మాత్రం మట్టి గ్రౌండులోనే చేయించండి. ఇసుకలో అడుగు ఆలస్యంగా పడుతుంది, లెక్క తప్పుతుంది. సాయంత్రం గాలి ఎక్కువగా ఉన్నరోజు మానేయొద్దు, ఎదురుగాలికి బంతి ముందే దిగిపోతుందని కళ్లకు తెలియాలి. ఎండల్లో జాగ్రత్త. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో పొద్దున ఏడున్నరకల్లా ముగించి ఉప్పేసిన మజ్జిగ తాగించి పంపేయండి.

నమ్మకమైన రిసీవర్ అంటే ఎప్పుడూ బాగా పట్టేవాడు మాత్రమే కాదు, ఉండాల్సిన చోట ఉండేవాడు. రిసీవర్ తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు, మనిషి కోసం కాదు, ఆ చోటు కోసం విసురుతాడు. మూడు అడుగులన్నప్పుడు ఒకరోజు నాలుగు వేస్తే ఆ బంతి అవతలివాడి చేతిలో పడుతుంది. అందుకే తిరగాల్సిన చోట ఒక చెప్పు పెట్టండి, చూడకుండానే కాలు దాని పక్కన పడేదాకా బంతి లేకుండా చేయించండి. తర్వాత ఇద్దర్నీ జతగా ఉంచండి, రోజూ అదే క్వార్టర్‌బ్యాక్, అదే రిసీవర్.

ఒక నోటుబుక్కు పెట్టండి. చేతికి అందిన బంతులు ఎన్ని, పట్టినవి ఎన్ని. పక్క పిల్లవాడి లెక్కతో పోల్చొద్దు, ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట గట్టిగా చెప్పండి. అంకె ఒక్కోసారి తగ్గుతుంది కూడా. 1999లో ఏడో రౌండులో గ్రీన్ బే ప్యాకర్స్‌కి వచ్చిన డొనాల్డ్ డ్రైవర్ మొదటి ఏడాది 3 క్యాచ్‌లు, రెండో ఏడాది 21, మూడో ఏడాది 13. మూడో ఏడు వదిలేసుంటే 2002లో పట్టిన 70 క్యాచ్‌లు ఉండేవి కాదు. రిటైరయ్యేనాటికి ఆ జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువ రిసీవింగ్ గజాలు ఆయనవే.

మ్యాచ్‌లో బంతి జారవిడిస్తే అందులోనే తర్వాతి రెండు ప్రయత్నాల్లోపే మళ్లీ అతనికే వేయించండి, దగ్గరి బంతి, తేలికైనది. వెంటనే వేయకపోతే ఆ తప్పు ఇంటిదాకా మోసుకుపోతాడు. పక్కకు పిలిచి ఒకటే అడగండి: "చూపెక్కడుందిరా?" పట్టకముందే పరిగెత్తబోయి చూపు ముందుకు తిప్పేసుంటాడు, చాలాసార్లు కారణం అదే, వాడే చెప్తాడు.

ప్రాక్టీసులో తడిబంతి, మొహం ముందు చేతులాడించే డిఫెండర్, ఈ రెండూ ఉన్నా స్లాంట్‌లో బంతి వదలకుండా పడుతున్నాడంటే ఇక ఆలస్యం చేయొద్దు. మ్యాచ్‌లో నాలుగో డౌన్ (జట్టుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిది), ఐదు గజాలు కావాల్సి వచ్చినప్పుడు ఆ బంతి అతనికే వేయాలని క్వార్టర్‌బ్యాక్‌కి ముందురోజే చెప్పండి, అతని ఎదురుగానే చెప్పండి.