అలసిపోయి ఇల్లు చేరాక దగ్గరవడం ఎలా?

గచ్చిబౌలి నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన మనిషి ముందు గుమ్మంలోనే కరెంటు బిల్లు సంగతి ఎత్తకండి. స్నానం, భోజనం కానివ్వండి. తర్వాత ఫోన్లు వేరే గదిలో పెట్టి చెరో 10 నిమిషాలు మాట్లాడుకోండి. ఒకరు చెబుతుంటే రెండోవారు సలహాలివ్వకూడదు. చాలా జంటల్లో మాట తెగేది అక్కడే.

స్పర్శ విషయంలో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన పద్ధతి నిజంగా మేలు చేస్తుంది. వారానికి రెండు రాత్రులు, చెరో 15 నిమిషాలు చేతులు, వీపు, పాదాలు నెమ్మదిగా తాకండి. మొదట్లో రొమ్ములు, జననాంగాల జోలికి వెళ్లొద్దు. సంభోగం కూడా వద్దని ముందే అనుకోండి. ఆ మాట తప్పితే, ముట్టుకుంటే చాలు పడకకే అన్న బెదురు మళ్లీ మొదలవుతుంది. ఎలా తాకితే హాయిగా ఉందో వారి చేతిమీద మీ చేయి వేసి చూపించండి. వద్దంటే వెంటనే ఆగాలి, అలగకూడదు. స్త్రీకి నొప్పి ఉంటే ఓర్చుకోకుండా గైనకాలజిస్టును కలవాలి.