అంబాసిడర్ వేడెక్కుతోందా? రేడియేటర్ మార్చే ముందు ఇవి చూడండి

మే నెలలో పాత అంబాసిడర్ బయటికి తీస్తే ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను టెంపరేచర్ ముల్లు మీద ఉండాల్సిందే. ముల్లు కాస్త పైకి లేచిందంటే చాలు, "థర్మోస్టాట్ పీకేద్దాం సార్" అంటారు మెకానిక్‌లు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వకుండా ఆపే చిన్న కవాటం. అది కుదరకపోతే "రేడియేటర్ మార్చేద్దాం" అంటారు. రెండింటికీ తొందరపడకండి. ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బండి గురించి. ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

ముందు ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు ఖాళీ అయ్యాక చల్లబడితే గాలి చాలడం లేదన్నమాట. ఈ బండిలో ఫ్యాన్ ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. బెల్టు పొడవాటి వైపు మధ్యలో వేలితో నొక్కండి. సుమారు అరంగుళం దిగాలి, అంతకన్నా వదులుంటే బిగించాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగుల్ని, దుమ్మును ఇంజన్ వైపు నుంచి సన్నటి నీటిధారతో ముందుకు తోసేయండి.

హైవే మీద వేడెక్కితే మాత్రం నీళ్లు సరిగా తిరగడం లేదని అనుమానించాలి. నీటి పంపు రేడియేటర్ కింది హోస్ (రబ్బరు గొట్టం) లోంచే నీళ్లు లాక్కుంటుంది. ఆ హోస్ మెత్తబడితే ఇంజన్ వేగం పెంచినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది. అప్పుడు కొత్తది వేయండి. తర్వాత ఇంజన్ వేడయ్యాక ఆపేసి, రేడియేటర్ ముందు భాగాన్ని చేత్తో జాగ్రత్తగా తడిమి చూడండి. అక్కడక్కడ చల్లగా తగిలితే ఆ గొట్టాలు పూడుకుపోయినట్టే.

పూడిక ఎక్కడిదంటారా? చాలాసార్లు మనం పోసే బోరు నీళ్లదే. అందులోని సున్నం లోపల పొరకడుతుంది, దానికి తుప్పు తోడవుతుంది. కడగాలంటే బండి పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. రెండు హోస్‌లూ విప్పి, కింది గొట్టంలోంచి పైకి నీళ్లు పంపండి. తేటగా వచ్చేదాకా ఆపొద్దు. ఇంజన్ బ్లాక్ పక్కనున్న డ్రైన్ ట్యాప్ కూడా తెరవండి. చాలామంది మర్చిపోయేది దీన్నే. నీళ్లు రాకపోతే తీగతో పొడవండి, తుప్పు అడ్డుపడి ఉంటుంది. అయినా వదలకపోతే రేడియేటర్ షాపులో పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నటి పట్టీ ఆడించి శుభ్రం చేస్తారు. రాగి, ఇత్తడి రేడియేటర్‌ను అంత తేలిగ్గా పారేయకండి.

ఇక థర్మోస్టాట్. గిన్నెలో నీళ్లుపోసి, దాన్ని దారంతో వేలాడదీసి వేడిచేయండి. మీద 82 అని ఉంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది వేయండి. అసలు లేకుండా నడిపితే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

రేడియేటర్ మూత పాతదాని మీదున్న ప్రెషర్ అంకెదే కొనండి. ఎక్కువ ప్రెషర్‌ది పెడితే పాత టంకాలు ఊడి లీకవుతాయి. కూలెంట్ పాత బండ్లకు సరిపడే రకమే తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి.

నింపాక మూత తీసే ఉంచి కాసేపు ఇంజన్ నడపండి. లోపలి గాలి బయటికొచ్చి మట్టం తగ్గుతుంది, మళ్లీ నింపండి. గాలంతా పోయాక కూడా బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ బ్లాక్‌కూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య లీకు కాకుండా ఉండే పొరను, అనుమానించాలి. అప్పుడు వెళ్లాల్సింది రేడియేటర్ షాపుకి కాదు, హెడ్ విప్పే మెకానిక్ దగ్గరికి.