ఎండలు ముదరకముందే కంప్యూటర్‌ను ఒకసారి చూసుకోండి

వేసవి వస్తోందంటే కూలర్‌కి కొత్త గడ్డి వేయిస్తాం, ఏసీ సర్వీసింగ్ చేయిస్తాం. బల్ల కింద ఏడాది పొడుగునా దుమ్ము పీల్చుకుంటున్న సీపీయూ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే క్యాబినెట్ లోపలా దాదాపు అంతే పెరుగుతుంది. చలికాలంలో 80 డిగ్రీల దగ్గర పనిచేసిన ప్రాసెసర్ రోహిణి కార్తెలో 90 దాటుతుంది. వేడి హద్దు మీరితే అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే సిస్టమ్ ఉన్నపళంగా ఆఫ్ అయిపోతుంది.

సిస్టమ్ ఇప్పటికే అప్పుడప్పుడూ హ్యాంగ్ అవుతోందా, ఎర్రర్ చూపిస్తూ బ్లూ స్క్రీన్ వస్తోందా? అయితే ఏ పరీక్షా మొదలుపెట్టకముందే ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ ఒక్క పని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చాలామంది నేరుగా ‘ఫార్మాట్ కొట్టించేస్తే పోతుంది’ అంటారు. పాడైన ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) ఫార్మాట్‌తో బాగుపడదు, పోయిన ఫైళ్లు తిరిగి రావు. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే వెంటనే ఆపేయండి. ఆ స్థితిలో డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపితే చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద ఇంకా భారం పడుతుంది. అందులో విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే దారి. విండోస్ 11 వాడేవాళ్లు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ (ఆ తాళం తెరిచే అంకెలు) కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి. మదర్‌బోర్డు మార్చినా, ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌లో కొన్ని సెట్టింగులు కదిపినా విండోస్ ఆ కీ అడగవచ్చు.

ఆ తర్వాత, ఎప్పుడు ఆగుతోందో గమనించి రాసుకోండి. గేమ్ ఆడుతున్నప్పుడో వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో మాత్రమే ఆగితే ముందు వేడిని, ఆ తర్వాత కరెంటు అందించే డబ్బా ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. వేళాపాళా లేకుండా, ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్‌తో బ్లూ స్క్రీన్ వస్తే ర్యామ్. ఫైలు తెరవగానే నిమిషాల తరబడి బిగుసుకుపోతే డిస్క్. విండోస్ లోపాల చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ కనబడగానే కొత్త ఎస్ఎంపీఎస్ కొనేయకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం, కారణం అది చెప్పదు. బ్లూ స్క్రీన్ అంటే హార్డ్‌వేరే పోయిందనీ అనుకోవద్దు. 2024 జూలై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. వాటిలో విరిగిన భాగమంటూ ఏమీ లేదు.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకాకే లోపల చేయి పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ప్రాసెసర్ మీది హీట్ సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) ఊడదీస్తే, రెండింటి మధ్య ఉన్న పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది రాయాలి.

ర్యామ్‌లు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకండి. బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంటే ఆపి, మళ్లీ పరీక్షించి అప్పుడు ర్యామ్‌ను తప్పుపట్టండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి. మూడు భాగాలు ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో తేలదు, డబ్బు మాత్రం మూడింటికీ పోతుంది.

వేసవిలో కరెంటు సంగతి వేరే చెప్పాలి. క్యాబినెట్ తాకితే జివ్వుమంటుంటే ఎర్తింగ్ లేనట్టే, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మోటారు వేసినప్పుడల్లా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే భాగాలు మార్చకముందు మంచి యూపీఎస్ పెట్టి చూడండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని వోల్టేజీ సమస్యతో క్రాష్ అవుతున్నాయని ఆ కంపెనీయే 2024లో ఒప్పుకుని, బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. మీది ఆ తరమైతే బయోస్ అప్‌డేట్ చేయండి, కానీ యూపీఎస్ మీదే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. గాలివానా ఉరుములూ మొదలవ్వకముందే పవర్ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా తీసేయండి, పిడుగుపాటు దాని గుండా కూడా వస్తుంది.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ వాచినట్టే. ఛార్జింగ్ ఆపేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. రిపేరుకి ఏది ఇచ్చినా బిల్లు, సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. డిస్క్‌తో పనిలేని రిపేరైతే డ్రైవ్ విప్పి ఇంట్లోనే ఉంచుకుని మిగతాది ఇవ్వండి.