ఘాట్‌లో గేరు దూకుతోందా? కేబుల్ జోలికి వెళ్లకముందు హ్యాంగర్ చూడండి

లక్షణం

ఊళ్లో నిక్షేపంగా నడిచిన సైకిల్ ఎస్.కోట దాటి అరకు ఘాట్ మొదలవగానే మొరాయిస్తుంది. వెనక పెద్ద పళ్లచక్రం మీదికి చైన్ ఎక్కినట్టే ఎక్కి జారిపోతుంది. పెడల్ మీద బలం పడగానే టక్కుమని దూకుతుంది. అన్నిటికన్నా తేలిక గేరులో స్పోకుల దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు. అనంతగిరి మీదుగా గాలికొండ దాకా దాదాపు అంతా ఎక్కుడే కాబట్టి, ఊళ్లో ఎప్పుడూ వేయని ఆ చివరి రెండు గేర్లే ఇక్కడ దిక్కు. లోపం ముందునుంచీ ఉన్నదే, ఘాట్‌లో బయటపడుతుంది.

ఆ టిక్ టిక్ వినిపిస్తే మాత్రం వెంటనే దిగండి. డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే భాగం) స్పోకులను తాకుతున్న చప్పుడది. ఇంకాస్త లోపలికి పోయి స్పోకుల్లో ఇరుక్కుంటే డిరైలర్, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్, నాలుగైదు స్పోకులు అన్నీ ఒకేసారి పోతాయి.

ముందు చూడాల్సినవి

గుంపులో ఒకరి గేరు చెడిందంటే నలుగురూ చేరి తలా ఓసారి బ్యారెల్ (గేరు కేబుల్ బిగువును సర్దే చిన్న మర) తిప్పుతారు. పది నిమిషాలయ్యాక అసలు సెట్టింగ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బ్యారెల్ మీద చెయ్యి వేయకండి. మొదట వెనక చక్రం సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. బండిలో వేసుకురావడానికి విప్పి, చీకట్లో హడావిడిగా బిగించిన చక్రం ఓ పక్కకి ఒరిగి ఉండటం మామూలే. సైకిల్‌ను తిరగేసి కాదు, రెండు చక్రాల మీద నిలబెట్టి, క్విక్ రిలీజ్ (చక్రాన్ని బిగించి ఉంచే లీవరు) వదులు చేసి, సీటు మీద బరువేసి నొక్కి, మళ్లీ బిగించండి. చాలా సైకిళ్లు ఇక్కడే బాగుపడతాయి. అయినా ఇది చూడకుండా కేబుల్ మార్చేసేవాళ్లు ఉన్నారు!

తర్వాత చైన్. స్కేలుతో 12 పూర్తి జతల లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఒక అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చే వేళయింది. చైన్ కొత్తదై, ఒకటి రెండు పళ్లచక్రాల మీదే దూకుతుంటే అక్కడి పళ్లు అరిగాయి. క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) మార్చాల్సిందే, దానికి రోడ్డు పక్కన మందు లేదు.

దొరకని దొంగ: వంగిన హ్యాంగర్

డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కే హ్యాంగర్. ఏదైనా తగిలితే ఫ్రేమ్ పాడవకుండా ఇది వంగిపోవాలనే మెత్తగా చేస్తారు. ఇబ్బంది ఏమిటంటే, రాయికి కొట్టుకుంటేనే వంగుతుందని అందరూ అనుకుంటారు. గుంపు రైడ్లలో ఎక్కువగా వంగేది రోడ్డు మీద కాదు, బొలెరో ట్రక్కులో. ఎనిమిది పది సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి తాడేసి బిగిస్తారు. కుడివైపు ఆనిన ప్రతి సైకిల్‌లోనూ పక్కదాని పెడలో హ్యాండిలో డిరైలర్‌ను లోపలికి నొక్కుతూనే ఉంటుంది. గీత పడదు, రంగు పోదు. పైకి ఏమీ తెలియదు.

పట్టుకునే పద్ధతి తేలిక. సైకిల్ వెనక గొంతుక్కూర్చుని, డిరైలర్‌లోని పై పుల్లీ, కింది పుల్లీ రెండూ పళ్లచక్రాలకు సమాంతరంగా నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. కింది పుల్లీ స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. కంటికి ఆనకపోతే గేర్లే చెబుతాయి: కేబుల్ తప్పయితే అన్ని గేర్లూ ఒకే వైపు ఒకేలా తప్పుతాయి, బ్యారెల్ అర చుట్టు తిప్పగానే అన్నీ సర్దుకుంటాయి. హ్యాంగర్ వంగితే చిన్న పళ్లచక్రాలు కుదిరేసరికి పెద్దవి చెడతాయి, పెద్దవి కుదిర్చేసరికి చిన్నవి చెడతాయి. ఈ ఆట మొదలైందంటే ఇక బ్యారెల్ వదిలేయండి. రోడ్డు బైకుల్లో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. 8 స్పీడ్ (వెనక 8 పళ్లచక్రాలున్న) క్యాసెట్లో పళ్లచక్రానికీ పళ్లచక్రానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు, 11 స్పీడ్‌లో సుమారు 3.7 మాత్రమే. పాత ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) ఓర్చుకున్న వంకరను ఇది ఓర్చుకోదు.

సరిచేయడానికి ముందు హ్యాంగర్‌ను ఫ్రేముకు బిగించిన చిన్న స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. అవి వదులైనా అచ్చం ఇవే లక్షణాలు. బిగించి మళ్లీ చూడండి.

హ్యాంగర్ గేజ్ ఎవరి దగ్గరైనా ఉంటే సరే. లేకపోతే గుంపులో మరో సైకిల్ వెనక చక్రమే గేజ్. 5 ఎంఎం అలెన్ కీతో డిరైలర్ విప్పి పక్కన వేలాడనివ్వండి. క్విక్ రిలీజ్ కడ్డీ తీసేసిన రెండో చక్రం యాక్సిల్ కొసను హ్యాంగర్ మరలో చేత్తో తిప్పండి. హ్యాంగర్ మర 10 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటర్ పిచ్ (మర గీతల మధ్య దూరం). చాలా క్విక్ రిలీజ్ యాక్సిళ్లదీ అదే. చేత్తో సాఫీగా ఎక్కకపోతే వేరే మరన్నమాట, బలవంతం చేయొద్దు. పూర్తిగా ఎక్కాక రెండు రిమ్ముల మధ్య దూరాన్ని పైన, కింద, ముందు, వెనక కొలవండి. టైరు నుంచి కాదు, రిమ్ము నుంచి. తేడా 4 మిల్లీమీటర్ల లోపుంటే ఫర్వాలేదు. 10 స్పీడ్, ఆపై వాటికి 2 లోపు ఉండాలి.

ఎక్కువుంటే ఆ చక్రాన్నే పట్టుకుని నిదానంగా బయటికి లాగండి. కొద్దిగా లాగడం, వదలడం, కొలవడం. అటూ ఇటూ పదేపదే వంచితే అల్యూమినియం చీలుతుంది. ఒకసారి గట్టిగా వంగి సరిచేసిన హ్యాంగర్‌ను ఇంటికి రాగానే మార్చేయండి. డిరైలర్ బిగించాక అప్పుడు బ్యారెల్ ముట్టుకోండి. పెద్ద పళ్లచక్రం ఎక్కనంటే వెనక నుంచి చూస్తూ గడియారానికి ఎదురుగా పావు చుట్టు.

సరిచేసే వీలే లేకపోతే ఎల్ స్క్రూను (డిరైలర్ స్పోకుల వైపు ఎంతదాకా జరగాలో ఆపే మరను) గడియారం దిశలో బిగించి, చైన్ రెండో పెద్ద పళ్లచక్రం దగ్గరే ఆగేలా చేయండి. ఎక్కుడు కష్టమవుతుంది, నిట్రంగా ఉన్నచోట నడిపించాల్సి రావచ్చు. డిరైలర్ మాత్రం దక్కుతుంది. హ్యాంగర్ విరిగే పోతే చైన్ టూల్‌తో చైన్ కుదించి, ముందూ వెనకా తిన్నగా పడే పళ్లచక్రాల మీద ఒకే గేరుగా నడపొచ్చు. వెనక సస్పెన్షన్ ఉన్న సైకిళ్లలో ఇది కుదరదు, సస్పెన్షన్ కదిలినప్పుడల్లా చైన్‌కు కావాల్సిన పొడవు మారుతుంది.

మళ్లీ రాకుండా

ట్రక్కులో సైకిళ్లను డిరైలర్ ఉన్న వైపు దేనికీ ఆనకుండా పేర్చండి. పడుకోబెడితే ఎప్పుడూ ఎడమవైపే. వేసేముందు గేరును అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి కాకుండా పెద్దదాని మీదికి వేయండి, డిరైలర్ లోపలికి ఒదిగి ఉంటుంది. సీటు సంచిలో ఒక హ్యాంగర్ పెట్టుకోండి. ఒక మోడల్‌ది మరోదానికి పట్టడం అరుదు, కాబట్టి పక్కవాడి దగ్గర ఉందిలే అనుకోవద్దు. అనంతగిరిలో పంక్చర్ వేయించుకోవచ్చేమో గానీ, మీ సైకిల్ హ్యాంగర్ అక్కడ దొరుకుతుందని ఆశపడొద్దు.

చైన్‌లో బిగిసిపోయిన లింకు, నీళ్లు చేరి తుప్పుపట్టిన కేబుల్ గొట్టం, ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే హబ్ భాగం) పగలడం, ఫ్రేమ్ చీలడం: ఇవీ ఉంటాయి. పైవన్నీ అయ్యాకే వీటి సంగతి.