చిన్న ఎంపీ3 ప్లేయర్ కొనేముందు జేబులో ఒక మెమరీ కార్డు వేసుకెళ్లండి

డబ్బా మీద ఎంపీ4 అని ఉంటుంది, ఇంటికొచ్చి మన వీడియో వేస్తే "ఫార్మాట్ ఎర్రర్" అంటుంది. నాన్నకి పొద్దున వాకింగ్‌లో వినడానికని కొన్నప్పుడు నాకు ఇదే జరిగింది, పైగా తెలుగులో పేర్లు పెట్టిన పాటలన్నీ తెరమీద వరసగా డబ్బాల్లా కనిపించాయి, ఏది ఏ పాటో ఆయనకి తెలిసే దారే లేదు.

ఈసారి 8 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డుని ఫ్యాట్32 అనే పద్ధతిలో (కార్డులో ఫైళ్లు సర్దే తీరు) ఫార్మాట్ చేసి అయిదు ఫైళ్లు వేసుకెళ్లాను: 128 కేబీపీఎస్ (ఈ అంకె పెరిగేకొద్దీ పాట నాణ్యత, ఫైలు సైజు పెరుగుతాయి) ఎంపీ3 ఒకటి, 320 ది ఒకటి, ఒక ఎం4ఏ (ఇంకో రకం ఆడియో ఫైలు), తెలుగు పేరుతో ఒక పాట, ఫోన్‌లో తీసిన నిమిషం వీడియో. షాపులోనే కార్డు పెట్టి అయిదూ ప్లే చేయించండి. ఒక పాట మధ్యలో ఆపేసి, ఆఫ్ చేసి ఆన్ చేసి, ఆపిన చోటునుంచే మొదలవుతుందా చూడండి, గంటల కొద్దీ ప్రవచనాలు వినే పెద్దవాళ్లకి అన్నిటికన్నా ఇదే ముఖ్యం. బటన్లు చూడకుండా వేలితో తడిమి నొక్కగలగాలి. మీ ఇయర్‌ఫోన్ కూడా తీసుకెళ్లండి, 3.5 ఎంఎం పిన్ వదులుగా ఉంటే ఒక చెవిలోనే వినిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త, 8 జీబీ కార్డు ఆడింది కదా అని 64 జీబీది కొనేయకండి. అవి మామూలుగా ఫ్యాట్32 కాకుండా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తాయి, చవక ప్లేయర్లు చాలావాటికి అది చదవడం రాదు. 32 జీబీతో ఆగితే టెన్షన్ ఉండదు.