ఇంటింటి సర్వేలో అందరూ ‘లేదు’ అంటుంటే: సమస్య, కారణం, పరిష్కారం

తిరుపతి దగ్గర ఒక పల్లెలో మా టీమ్ రెండు రోజులు తిరిగి 40 ఫారాలు నింపుకొచ్చింది. ఆ ఫారాల ప్రకారం ఊళ్లో తాగేవాళ్లు లేరు, పెళ్లాన్ని కొట్టేవాళ్లు లేరు, వడ్డీకి అప్పు తెచ్చినవాళ్లూ లేరు. ఊరు మొదట్లోనే బ్రాందీ షాపు ఉంది! ఇలాంటప్పుడు జనం అబద్ధాలు చెప్పారని విసుక్కునే ముందు మనం అడిగిన తీరు చూసుకోవాలి.

సమస్య: కొట్టడం, తిట్టడం గురించి ఏది అడిగినా “లేదు”

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పక్కన ఎవరో వింటున్నారు. తిన్నె మీద కూర్చోబెట్టి అడిగితే అత్త చాటలో బియ్యం ఏరుకుంటూ చెవి ఇటే పెడుతుంది. ఎదురింటామె “ఏం రాస్తా ఉండారు?” అంటూ వస్తుంది. నాలుగేళ్ల బిడ్డ ఉన్నా కష్టమే, సాయంత్రం నాయనకు అంతా ఒప్పజెప్పేస్తుంది.

ముందు చోటు మార్చండి. పెరడైనా, ఆవుల కొట్టమైనా ఫర్వాలేదు. పాలు పోసే వేళకు పోతే ఇంటిల్లిపాదీ ఉంటారు, మగవాళ్లు పనికి పోయాక పోండి. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు అత్తతో పశువుల గురించో, నీళ్ల గురించో వేరే ఫారం మొదలుపెట్టొచ్చు. ఇంటికి ఒక్క మహిళనే అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే చెప్పింది. ఊళ్లో ‘ఆడవాళ్ల ఆరోగ్యం సర్వే’ అని చెప్పండి. ఆమెకు మాత్రం ఏం అడగబోతున్నారో విడిగా చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. మధ్యలో ఎవరైనా వస్తే “బిడ్డకు టీకాలన్నీ వేయించినావా అక్కా?” అని మాట మార్చాలి. ఆ మాట ముందే ఆమెతో అనుకుని ఉంటే కంగారు పడదు. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అడగొద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఇదే నియమం. ‘ఏకాంతం లేదు’ అని రాయండి, ‘లేదు’ అని టిక్ పెట్టకండి.

చోటు కుదిరినా జవాబు మారకపోతే లోపం మాటలో ఉంటుంది. ‘గృహహింస’ అంటే ఏదో టీవీలో వచ్చే వ్యవహారం అనుకుంటారు, చెంపదెబ్బ అందులోకి రాదు. అందుకే చెంపమీద కొట్టాడా, తోశాడా, జుట్టు పట్టి లాగాడా అని ఒక్కో పనినీ విడిగా అడగాలి.

సమస్య: “దీంతో పింఛను ఆపేస్తారా నాయనా?”

మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, మొదటి ప్రశ్నే ఆధార్ నంబరు. అలా పోతే గవర్నమెంటువాళ్లు అనుకోక ఏమనుకుంటారు? అవసరం లేనప్పుడు ఆధార్, రేషన్ కార్డు ఊసే ఎత్తకండి. పేరు వేరే కాగితం మీద, ఫారం మీద నంబరు మాత్రమే. “చెప్పకపోతే ఏమీ పోదు, చెప్పినా ఏమీ రాదు” అని రెండూ చెప్పాలి. మనవాళ్లు మొదటిది చెప్పి రెండోది మింగేస్తారు. ఇల్లు మంజూరవుతుందనే ఆశ ఉన్నచోట వాళ్లు చెప్పే ఆదాయం దానంతటదే సగమవుతుంది.

సమస్య: మగవాళ్లెవరూ తాగడం లేదు

“మీకు తాగుడు అలవాటుందా?” అంటే అది తీర్పు చెప్పినట్టే. “పోయిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు మందు తీసుకున్నారన్నా?” అనండి, సున్నా అయితే సున్నా చెబుతారు.

ఇంకా ఇబ్బందైన విషయానికి నాణెం పద్ధతి ఉంది. 1965లో వార్నర్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన ఆలోచనకు ఇది సులువైన రూపం. నాణెం జవాబు చెప్పే ఆయనే ఎగరేస్తాడు, మనం చూడం. బొమ్మ పడితే ఏదైనా సరే “అవును” అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 మందిలో 130 మంది “అవును” అన్నారనుకోండి. సుమారు 100 బొమ్మవే, మిగతా 100 మందిలో 30 మందిది నిజమైన “అవును”. అంటే దాదాపు 30 శాతం. ఎవరిది ఏదో మనకూ తెలియదు. పదీ ఇరవై మందితో మాత్రం ఈ లెక్క నిలబడదు.

సమస్య: ఒక్క ఇన్వెస్టిగేటర్ ఫారాల్లోనే అన్నీ ‘లేదు’

సిగ్గు అడిగేవాళ్లది. గొంతు తగ్గించి “అట్లాంటివేం లేవు కదక్కా?” అనేస్తుంటారు. టీమ్‌లో జంటలుగా కూర్చోబెట్టి, నవ్వు ఆగేదాకా ఆ ప్రశ్నలు గట్టిగా చదివించండి. కుప్పం వైపైతే తమిళం, కన్నడం ప్రశ్నలు ముందే రాయించుకోండి, అక్కడికక్కడ నోటితో మారిస్తే మెత్తబడిపోతాయి.

సమస్య: చెబుతూ చెబుతూ ఏడ్చేసింది

ఇది లోపం కాదు. పెన్ను పక్కన పెట్టి ఊరుకోండి. “సర్దుకుపోమ్మా” అనొద్దు, సలహా ఇవ్వొద్దు. ఆపేద్దామా, ఇంకో రోజు రమ్మంటావా అని ఆమెనే అడగండి. 181 మహిళల హెల్ప్‌లైన్, 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్య సహాయం) నంబర్లను 108, 104 సరసన ఒకే చీటీలో రాసి ఉంచండి, ఎవరి కంటపడినా ఇబ్బంది రాదు. చీటీ వద్దంటే బలవంతపెట్టొద్దు. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి. కాబట్టి “ఎవరికీ చెప్పం” అని మొదట్లోనే గుడ్డిగా మాటివ్వకండి.

ఆ సాయంత్రం టీ దగ్గర మీ ఇన్వెస్టిగేటర్ మాట్లాడకుండా కూర్చుంటే, ఇవాళ ఎన్ని ఫారాలయ్యాయని అడగకండి.