అడ్రినల్ క్యాన్సర్‌లో ఆడ, మగ, జాతి తేడాలు: లెక్క ఎలా కట్టాలి

అడ్రినోకార్టికల్ కార్సినోమా మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథి బయటి పొరలో పుట్టే క్యాన్సర్. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి మించి రాదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని అంటారు. మీ దగ్గరున్న క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసుల నమోదు పట్టిక) డేటాలోనూ ఆ తేడా ఉందో లేదో తేల్చాలంటే ముందు కేసుల్ని శుభ్రంగా ఏరుకోవాలి.

అడ్రినల్ గ్రంథిని సూచించే అవయవం కోడ్ సి74 ఒక్కటే చూసి తీసుకుంటే మొదట్లోనే తప్పు. చిన్నపిల్లల న్యూరోబ్లాస్టోమా, ఫియోక్రోమోసైటోమా అనే వేరే కణితులు కూడా అందులోకే వస్తాయి. ఈ క్యాన్సర్‌కు ఇచ్చిన కణజాలం కోడ్ 8370/3 ఉన్నవే ఉంచండి. ఉపస్థానం సి74.9 అని, అంటే 'ఏ భాగమో తెలియదు' అని రాసినా, కణజాలం కోడ్ సరిపోతే వదలొద్దు.

తర్వాత వయసు. ఈ జబ్బు ఐదేళ్లలోపు ఒకసారి, నలభై, యాభైల్లో మరోసారి తల ఎత్తుతుంది. పిల్లలు ఎక్కువున్న జనాభానీ, పెద్దలు ఎక్కువున్న జనాభానీ ముడి రేట్లతో పోల్చకూడదు కనుక వయసు సర్దుబాటు, అంటే రెంటి రేట్లనూ ఒకే ప్రమాణ జనాభా వయసు పాళ్లకు మార్చుకోవడం, తప్పదు. అమెరికా సీర్ రిజిస్ట్రీ 2000 నాటి అమెరికా జనాభాను ప్రమాణంగా తీసుకుంటుంది, మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ ప్రపంచ ప్రమాణ జనాభాను. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చెల్లదు. పైగా మన పట్టికల్లో రేటు లక్షకు, ఒక దశాంశానికే ఉంటుంది. ఇంత అరుదైన జబ్బు అక్కడ 0.1గానో 0.0గానో మిగులుతుంది. రేటు వదిలి కేసుల సంఖ్య తీసుకోండి.

ఎక్కువమంది బోల్తాపడేది తర్వాతి మెట్టు దగ్గర. ఉదాహరణకు 20 లక్షల మంది ఆడవాళ్లు, 20 లక్షల మంది మగవాళ్లు, పదేళ్ల గమనింపు అనుకోండి. ఆడవాళ్లలో 20 కేసులు, మగవాళ్లలో 12. నిష్పత్తి 1.67, చూడ్డానికి పెద్దదే. ఇప్పుడు 1/20, 1/12 కలిపి వర్గమూలం తీసి 1.96తో గుణించండి: 0.72. ఎక్సెల్‌లో ఎక్స్‌ప్ ఫంక్షన్ వేస్తే 2.05. దాంతో 1.67ను భాగిస్తే 0.81, గుణిస్తే 3.41. అసలు నిష్పత్తి ఉండగల హద్దులు (95 శాతం నమ్మకంతో) ఇవి. నిష్పత్తి 1 అంటే తేడా లేనట్టే; ఈ రెంటి నడుమ 1 ఉంది, కాబట్టి తేడా ఉందనలేం. అవే పాళ్లలో కేసులు 200, 120 అయితే హద్దులు 1.33, 2.09. అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. కేసులు 16 కన్నా తక్కువైతే అమెరికా పట్టికలు రేటు ముద్రించకపోవడానికి ఒక కారణం ఇదే. ఏళ్లు కలుపుకుంటూ పోవడమే మందు.

జాతి దగ్గర మరింత జాగ్రత్త కావాలి. సీర్‌లో 'ఆసియా, పసిఫిక్ దీవులవారు' అనే గడిలో చైనీయులు, ఫిలిపినోలు, అమెరికాలోని తెలుగువాళ్లు అందరూ ఒకటే. ఆ రేటు చూసి తెలుగువాళ్ల ముప్పు ఇంత అనడం కుదరదు. హిస్పానిక్ అనేది అసలు జాతి గడి కాదు, విడిగా నమోదవుతుంది. దాన్ని తెల్ల, నల్ల జాతులతో కూడితే కొందరిని రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

తేడా నిజమని తేలినా దానికి జాతి పేరే తగిలించనక్కర్లేదు. దక్షిణ బ్రెజిల్‌లో, ముఖ్యంగా పరానా రాష్ట్రంలో, పిల్లల్లో ఈ క్యాన్సర్ మిగతా ప్రపంచం కన్నా 10 నుంచి 15 రెట్లు ఎక్కువ. వెనకున్నది క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో ఆర్337హెచ్ అనే ఒక్క మార్పు. ఒకే పూర్వీకుడి నుంచి ఆ ప్రాంతంలో పాకింది. 'బ్రెజిల్' అని ఒకే గడిలో రాస్తే ఈ సంగతే కనబడదు; వీలైతే జిల్లా స్థాయి దాకా విడగొట్టి చూడండి.